కట్టుకొన్ననే కవచము

మన ఊరి పేరు అణైకట్టు. తమిళమున "అణైక్కట్టు" అన్నను, తెలుగున "ఆనకట్ట" అన్నను అర్థ మొక్కటియే. ఆ పేరులో ముఖ్యమైన మాట "కట్టు". రాళ్ళు ఎంత పెద్దవైనను వానిని ఒకదానితో నొకటి బిగించు కట్టు లేనిచో అవి ప్రవాహము నాపజాలవు. వరద రాగానే రాయి ఒక దారిని, నీరు ఒక దారిని పోవును. కావున ఆనకట్టకు బలము రాతియందు సగము, కట్టుయందు సగము.

ఈ మాట ఇచట చెప్పుటకు కారణము కలదు. ఉదయము బడి గంటకు ముందు పాఠశాల వాకిట కొంతసేపు నిలిచి చూడుడు. ఒడుగత్తూరు దారిని, పళ్ళికొండ దారిని మోటారు సైకిళ్ళు, స్కూటర్లు వచ్చుచుండును. ఒక తండ్రి హెల్మెట్టును మోచేతికి తగిలించుకొని వచ్చును. మరియొకని హెల్మెట్టు బండి అద్దమునకు వ్రేలాడుచుండును. వేరొకడు దానిని తలపై పెట్టుకొనును గాని, గడ్డము క్రింది పట్టీ గాలికి అటునిటు ఊగుచుండును. ఆతని వెనుక ఇద్దరు బిడ్డలు పుస్తకముల సంచులతో కూర్చుండియుందురు. వారి తలలపై ఏమియు నుండదు.

ఆ తండ్రులందరును బిడ్డలను ప్రేమించువారే. బిడ్డల చదువుకొరకే వారు పొలముపని, మగ్గముపని కొంత ఆపుకొని వచ్చిరి. వారికి లోపించినది ప్రేమ కాదు, ఒక చిన్న విషయమును గూర్చిన తెలివిడి మాత్రమే. హెల్మెట్టు పెట్టెలోని సూచనల కాగితము తరచుగా ఆంగ్లములో నుండును. దారి ప్రక్కన బోర్డులు తమిళములో నుండును. మన ఇండ్లలో పెద్దలు పలువురు తెలుగు మాటాడుదురు గాని, ఆ రెండింటిని చదివి గ్రహించుటకు వారికి తీరిక గాని, అలవాటు గాని యుండదు. కావున ఆ విషయమును మన భాషలో, మన విద్యార్థుల ద్వారా, మన ఇండ్లకు చేర్చుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

శిరస్సు — దాని రక్షణ

హెల్మెట్టును తమిళమున "తలైక్కవసం" అందురు, తెలుగున "శిరస్త్రాణము" అందురు. ఒకటి తలకు కవచమని చెప్పుచున్నది, రెండవది శిరస్సును కాపాడునదని చెప్పుచున్నది. పూర్వము యుద్ధభటులు దీనిని కత్తివేటుకు వెరచి ధరించిరి. నేటి ప్రయాణికుడు ధరించుట రోడ్డునకు వెరచి.

తలను కొబ్బరికాయతో పోల్చి చూడుడు. పైన గట్టి చిప్ప, లోపల మెత్తని పదార్థము, దానితోబాటు నీరు. మన పుఱ్ఱె గట్టిది, మెదడు మెత్తనిది. మెదడు చుట్టును పలుచని ద్రవ మొకటి కలదు. మెదడు ఆ ద్రవములో తేలుచున్నట్లుండును. మనుష్యుడు బండిపై నుండి పడి తల రాతికి తగిలినప్పుడు పుఱ్ఱె తటాలున ఆగిపోవును. మెదడు మాత్రము అదే వేగముతో ముందునకు సాగి పుఱ్ఱె లోపలి గోడకు కొట్టుకొనును. ఒక్కొక్కసారి పైకి గాయమైనను కనబడదు, కాని లోపల రక్తనాళము తెగి రక్తము చేరుచుండును. విరిగిన కాలిని వైద్యుడు అతికింపగలడు. చెడిన మెదడును పూర్వమువలె చేయుట ఎంతటి వైద్యునికైనను కష్టము.

ఇచట ఒక చిన్న లెక్క చూతము. ఉన్నత తరగతుల విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. నిలబడిన మనుష్యుని తల సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తులో నుండును. అంత ఎత్తు నుండి తల నేలపై పడినదనుకొందము. నేలను తాకువేళకు దాని వేగము గంటకు సుమారు 19 కిలోమీటర్లగును. ఆ వేగము ఎంత దూరములో అణగునో దానినిబట్టి దెబ్బయొక్క బలము ఏర్పడును. లెక్క కొరకు, వట్టి తల గట్టి రాతిపై పడి 2 మిల్లీమీటర్ల దూరములో ఆగినదనుకొనుడు. 1500 మిల్లీమీటర్లను 2తో భాగించిన 750 వచ్చును. అనగా తలపై పడిన బలము దాని బరువునకు 750 రెట్లు. అదే తల మెత్తని పొరలో దిగి 25 మిల్లీమీటర్ల దూరములో ఆగినచో 1500ను 25తో భాగింపవలెను. ఫలము 60 రెట్లు మాత్రమే.

ఎత్తు మారలేదు, పడిన తల మారలేదు. మారినది ఆగుటకు దొరికిన దూరము మాత్రమే. బాలురు గడ్డివామిపైకి దుమికి నవ్వుచు లేచుటకును, అదే ఎత్తు నుండి బండపై దుమికి కాలు విరుగగొట్టుకొనుటకును ఇదియే కారణము. శిరస్త్రాణమనగా తలతోబాటు మోసుకొనిపోవు గడ్డివామి అనుకొనవచ్చును.

ఇప్పుడు శిరస్త్రాణము విప్పి చూడుడు. దానిలో నాలుగు భాగములు కలవు. మొదటిది పై పెంకు. ఇది గట్టి ప్లాస్టిక్కుతో గాని, గాజుపీచుతో గాని చేయబడును. మొనదేలిన రాయి తగిలినప్పుడు ఆ దెబ్బను ఒక్కచోట నిలువనీయక విస్తారముగా పరచుట దీని పని. రెండవది దాని లోపలి థర్మోకోలు పొర. మెదడును కాపాడునది ముఖ్యముగా ఇదియే. ఇది నలిగి, తాను చెడి, తలను రక్షించును. ఒకసారి నలిగిన పొర మరల పూర్వపు రూపమునకు రాదు. మూడవది తలకు తగులు మెత్తని దూది గుడ్డ. ఇది సుఖము కొరకును, అమరిక కొరకును ఉన్నది. నాలుగవది గడ్డపు పట్టీ. మొదటి మూడును తలపై నిలుచునట్లు చేయునది ఈ నాలుగవదే.

ఒక మరణము నేర్పిన పాఠము

శిరస్త్రాణము వాడుక ప్రపంచములో ఎట్లు వ్యాపించెనో తెలిసికొనదగిన కథ యొకటి కలదు. అరేబియా ఎడారులలో పోరాడి ప్రసిద్ధి కెక్కిన టి. ఇ. లారెన్సు అను ఆంగ్లేయుడు మోటారు సైకిలు నడపుటయందు మిక్కిలి ప్రీతి గలవాడు. 1935 మే 13వ తేదీన ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతమున పోవుచు, ఎదుట సైకిళ్ళపై నున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి క్రిందపడెను. ఆతని తలపై శిరస్త్రాణము లేదు. ఆరు దినములు స్పృహలేక యుండి మే 19వ తేదీన మరణించెను. అప్పటి కాతని వయస్సు 46 సంవత్సరములు.

ఆతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు కలడు. ఆ మరణ మాతని మనస్సున నాటుకొనెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు ఉత్తరములు మోయు సైనికులు మోటారు సైకిళ్ళపై తిరుగుచు పెక్కుమంది మరణించుచుండిరి. కెయిర్న్సు లెక్కలు సేకరించి 1941లో ఒక వ్యాసము ప్రకటించెను. యుద్ధము మొదలైన 21 నెలలలో ఆ దేశపు రోడ్లపై మోటారు సైకిలు నడపువారును, వెనుక కూర్చున్నవారును కలిసి 2279 మంది మరణించిరనియు, వారి మరణములకు తలగాయములే ముఖ్య కారణమనియు ఆతడు చూపెను. శిరస్త్రాణము ధరించి ప్రమాదమునకు లోనైన ఏడుగురే ఆతని కంటబడిరి. వారిలో ఒక్కడును మరణింపలేదు. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు భటులకు శిరస్త్రాణము విధించెను. సామాన్య ప్రజలకు ఆ దేశములో అది విధిగా మారినది 1973లో. ఆతని పాఠము శాసనమగుటకు ముప్పది రెండేండ్లు పట్టినది!

ఈ విద్యతో మన ప్రాంతమునకు కూడ దగ్గరి సంబంధము కలదు. భారతదేశములో మెదడు శస్త్రచికిత్సకు మొట్టమొదటి విభాగము ఏర్పడినది మన పొరుగున నున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే. 1949లో డాక్టరు జేకబ్ చాండీ దానిని స్థాపించెను. దూరదేశముల నుండి రోగులు ఆ ఆసుపత్రిని వెదకికొని వత్తురు. అంతటి వైద్యము మన చెంతనే యున్నది నిజమే. అయినను ఆసుపత్రికి చేరకముందే పనిచేయు వైద్యము ఒకటి కలదు. అది తలపై నుండవలసిన శిరస్త్రాణము. వైద్యుడు దెబ్బ తగిలిన తరువాత వచ్చును. శిరస్త్రాణము దెబ్బ తగులు క్షణముననే ఉండును.

వివిధ దేశములలో జరిగిన 61 పరిశోధనలను కలిపి 2008లో ఒక సమీక్ష వెలువడెను. శిరస్త్రాణము వలన మరణాపాయము నూటికి 42 వంతులును, తలగాయముల అపాయము నూటికి 69 వంతులును తగ్గునని అందు తేలినది. అనగా అది సర్వ ప్రమాదములను నివారించు మంత్రము కాదు. వేగమును, మద్యమును, అజాగ్రత్తను అది క్షమింపదు. అయినను ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేయు వస్తువులు అరుదు.

కొనునప్పుడు చూడవలసినవి

రాజరస్తా ప్రక్కన త్రాళ్ళకు గ్రుచ్చి రంగురంగుల టోపీలు అమ్ముచుందురు. కొన్ని మిక్కిలి చౌక. వానిలో కొన్నింటికి పై పెంకు మాత్రమే ఉండును, లోపల థర్మోకోలు పొర ఉండదు. గుడ్డ నెత్తి చూచిన ఆ సంగతి తెలియును. అట్టివి పోలీసువారిని మభ్యపెట్టగలవేమో గాని రాతిని మభ్యపెట్టలేవు. కట్టడపు పనివారు ధరించు పచ్చ టోపీ కూడ ఈ పనికి రాదు. అది పైనుండి పడు వస్తువుల కొరకు చేయబడినది.

మన దేశములో ఈ వస్తువునకు ప్రమాణము ఐ.ఎస్. 4151. భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్.ఐ. ముద్ర దానిపై నుండవలెను. ముద్రకు పైన ఐ.ఎస్. 4151 అను సంఖ్యయు, క్రింద సి.ఎం./ఎల్. అను అక్షరములతో తయారీదారుని లైసెన్సు సంఖ్యయు ఉండును. ముద్ర లేని శిరస్త్రాణములు తయారు చేయుట, అమ్ముట 2021 జూన్ 1వ తేదీ నుండి నిషేధింపబడినవి. ముద్రను కూడ దొంగతనముగా అచ్చువేయువారు కలరు. కావున ఆ లైసెన్సు సంఖ్యను ప్రమాణముల సంస్థవారి "బిస్ కేర్" అను సెల్‌ఫోను సాధనమున సరిచూచుకొనవచ్చును. ఈ పని మన విద్యార్థులు క్షణములో చేయగలరు. తయారైన నెల, సంవత్సరము కూడ చూచి కొనవలెను.

చెవులను, దవడను, గడ్డమును కప్పు నిండు శిరస్త్రాణము అన్నిటికంటె మేలైనది. ఏలననగా పడునప్పుడు ముఖము కూడ నేలకు తగులును. నెత్తిని మాత్రమే కప్పు చిప్పవంటి టోపీ ముఖమును కాపాడదు.

కొలత — అమరిక

చొక్కాకు కొలత తీసికొనువారు తలకు కొలత తీసికొనరు. ఇది గొప్ప లోపము. దర్జీవాని కొలత టేపు తెచ్చి, కనుబొమలకు కొంచెము పైగా, చెవులకు పైగా, వెనుక తల ఎక్కువ ఉబ్బియున్నచోట తగులునట్లు చుట్టుడు. రెండు మూడు మారులు కొలిచి అన్నింటిలో పెద్ద కొలతను గ్రహింపుడు. అంగళ్ళలో శిరస్త్రాణములపై 560, 580, 600 అని మిల్లీమీటర్లలో సంఖ్యలు వేసియుందురు. 58 సెంటీమీటర్ల తలకు 580 సంఖ్యగలది మొదట పెట్టి చూడవలెను. తయారీదారునిబట్టి ఆకారము మారును గనుక సంఖ్యను మాత్రమే నమ్మక తలకు పెట్టి పరీక్షింపవలెను. "బిడ్డ పెరుగును గదా, పెద్దది కొందము" అను ఆలోచన చెప్పులకు చెల్లునేమో గాని దీనికి చెల్లదు.

తలకు పెట్టిన పిమ్మట ఈ క్రమమున చూడుడు.

ఒకటి: శిరస్త్రాణము నుదురును కప్పి సమముగా కూర్చుండవలెను. వెనుకకు జారి నుదురు బయటపడినచో అది అమరలేదని అర్థము.

రెండు: బుగ్గలపై మెత్త గట్టిగా ఆనవలెను. క్రొత్తలో కొంచెము బిగువుగా నుండుట మంచిదే. వాడుకలో మెత్త కొంత అణగును.

మూడు: రెండు చేతులతో దానిని పట్టుకొని కుడి యెడమలకు త్రిప్పుడు. నుదుటి చర్మము దానితోబాటు కదలవలెను. చర్మము నిలిచియుండి శిరస్త్రాణము మాత్రమే తిరిగినచో అది వదులు.

నాలుగు: పది పదునైదు నిమిషములు ధరించి యుండుడు. నుదుట గాని, కణతల గాని ఒక్కచోట నొప్పి పుట్టినచో ఆ ఆకారము మీ తలకు తగినది కాదు.

ఐదు: పట్టీని కట్టుకొని, తల వంచి, వేరొకరిని వెనుక అంచు పట్టి పైకిని ముందుకును నెట్టుమనుడు. ఊడివచ్చినచో ఆ శిరస్త్రాణమును అంగడివానికే విడిచి రండు. పరీక్షలన్నింటిలో ఇది ముఖ్యమైనది.

పట్టీ మాట

మనుష్యుడు బండి నుండి ఎగిరిపడినప్పుడు తల నేలను ఒక్కసారియే తాకునని చెప్పలేము. మొదట బండికి, తరువాత రోడ్డునకు, పిదప గట్టుకు తగులవచ్చును. పట్టీ కట్టని శిరస్త్రాణము మొదటి కుదుపునకే, ఒక్కొక్కప్పుడు అంతకు ముందే, ఎగిరిపోవును. అప్పుడు తలయు, అది లేని తలయు సమానమే.

పట్టీకి రెండు విధములైన బిగింపులు కలవు. ఒక విధమున రెండు ఇనుప వలయములుండును. పట్టీని రెండు వలయములలో నుండి దూర్చి, ఒకదాని మీదుగా వెనుకకు త్రిప్పి రెండవదానిలో లాగవలెను. మరియొక విధమున నాలుకవంటి ముక్క బకిలులో దూరి "టక్" మని శబ్దము చేయును. శబ్దము విన్న తరువాత ఒకసారి లాగి చూడవలెను. పట్టీ గడ్డము క్రింద గొంతుకు ఆనియుండవలెను, గడ్డపు కొనపై నిలువరాదు. పట్టీకిని చర్మమునకును నడుమ ఒక వ్రేలు, మించిన రెండు వ్రేళ్ళు పట్టునంత ఎడము చాలును.

మన తాలూకాలోని ఇలవంబాడి ముళ్ళ వంకాయ 2023లో భౌగోళిక గుర్తింపు పొంది పేరుగాంచినది. రైతు ఆ వంకాయల బుట్టను బండి వెనుక పెట్టి, త్రాటితో నాలుగు చుట్లు చుట్టి, ముడివేసి, కదిపి చూచి గాని బయలుదేరడు. ఒక్క కాయ జారినను ఆతనికి మనస్సు నొచ్చును. ఆ రైతే తన గడ్డపు పట్టీని ఊరక విడిచి పోవుట చూచినప్పుడు ఏమనవలెను? బుట్టకు పట్టిన శ్రద్ధలో పదవ వంతు తలకు పట్టిన చాలును.

నెలకొకసారి పరీక్ష

సంతకు పోవు ఎడ్లబండి చక్రమును, ఇరుసును మన పెద్దలు చూచుకొని గాని కదలనిచ్చెడివారు కారు. శిరస్త్రాణమునకు కూడ నెలకొకసారి పరీక్ష కావలెను. ఆదివారము నాడు ఇంటివారి శిరస్త్రాణములన్నియు తిన్నెపై వరుసగా నుంచి చూడుడు.

పై పెంకుపై పగులు గాని, వెంట్రుకవంటి గీత గాని కలదా యని వెలుతురులో త్రిప్పి చూడవలెను. లోపలి గుడ్డ తీసి థర్మోకోలు పొరలో సొట్ట, చీలిక, పొడిరాలుట కలవా యని వ్రేళ్ళతో తడవవలెను. పట్టీ అంచులు పీచులు పీచులుగా లేచినవా, దానిని పెంకునకు బిగించిన మేకులు కదలుచున్నవా యని లాగి చూడవలెను. బకిలు పట్టుచున్నదా, తుప్పు పట్టినదా యని చూడవలెను. ముందు అద్దముపై గీతలు నిండినచో దానిని మార్పింపవలెను. రాత్రివేళ ఎదుటి లారీ దీపపు వెలుగు ఆ గీతలపై పడి చెదరి, దారి కనబడకుండ చేయును. నల్లని అద్దము రాత్రి పనికిరాదు.

ప్రమాదమున ఒకసారి గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణమును, పైకి నిక్షేపముగా కనబడినను, మరల వాడరాదు. లోపలి పొర నలిగి తన పని ముగించియుండును. ప్రమాదము లేకున్నను ఎండ, చెమట, తలనూనెల వలన అది క్రమముగా బలహీనపడును గనుక సుమారు ఐదేండ్లకు మార్చుట మంచిదని నిపుణుల సలహా. ఇతరులు వాడిన శిరస్త్రాణమును చౌకగా వచ్చినదని కొనరాదు. దాని పూర్వకథ మనకు తెలియదు.

శుభ్రము చేయుటకు నీరును, మృదువైన సబ్బును చాలును. పెట్రోలు, కిరసనాయిలు, రంగు కరిగించు ద్రవములు తగిలినచో థర్మోకోలు కరగును, పెంకు పెళుసగును. పెట్రోలు అంటిన గుడ్డతో తుడుచుట, ఇంటియందు రంగు పూయుట, మేకు దిగగొట్టుట చేయరాదు. బండి అద్దమునకు తగిలించిన అద్దపు కొన లోపలి పొరను నొక్కి గుంట చేయును. వానలో తడిసినచో నీడన గాలికి ఆరవలెను, పొయ్యి చెంత పెట్టరాదు. మన వేలూరు ఎండలలో ఉక్కపోత భరింపరానిది నిజమే. పలుచని నూలు గుడ్డ తలకు చుట్టుకొని దానిపై ధరించినచో చెమట పీల్చును. కాని మందమైన తువాలు చుట్టరాదు, అమరిక చెడును.

స్త్రీలు ఎత్తుగా కొప్పు ముడిచి దానిపై ధరించినచో అది సమముగా కూర్చుండదు. జడను మెడ క్రిందికి విడుచుట మేలు. గట్టి క్లిప్పులు, పిన్నులు దాని క్రింద నుండరాదు. పువ్వులు దిగిన తరువాత తురుముకొనవచ్చును. సెల్‌ఫోనును చెవికిని శిరస్త్రాణమునకును నడుమ దోపుకొని మాటాడుచు పోవువారు కలరు. వారి చెవి ఒకచోట, కన్ను ఒకచోట, మనస్సు వేరొకచోట నుండును.

వెనుక కూర్చున్న తల

ఇంతవరకు చెప్పినదంతయు నడపువానికే కాదు. విద్యార్థులారా, మీలో పెక్కుమంది వెనుక కూర్చుండి వచ్చువారు. రోడ్డునకు ముందు తల, వెనుక తల యను భేదము లేదు. కేంద్ర ప్రభుత్వమువారి లెక్కల ప్రకారము 2022లో మన దేశమున శిరస్త్రాణము లేక మరణించిన ద్విచక్ర వాహన ప్రయాణికులు 50,029 మంది. వారిలో వెనుక కూర్చున్నవారు 14,337 మంది.

మోటారు వాహనముల చట్టము (1988) లోని 129వ విభాగము, 2019లో జరిగిన సవరణ తరువాత, నాలుగేండ్లు దాటిన ప్రతివానికిని, ముందు కూర్చున్నను వెనుక కూర్చున్నను, శిరస్త్రాణమును విధించుచున్నది. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు కలదు. ఆ చట్టమే శిరస్త్రాణము పట్టీతో తలకు గట్టిగా బిగింపబడి యుండవలెనని చెప్పుచున్నది. అనగా పట్టీ కట్టనివాడు చట్టము దృష్టిలో కూడ శిరస్త్రాణము ధరింపనివాడే. తప్పినవారికి 194డి విభాగము ప్రకారము వేయి రూపాయల జరిమానాయు, మూడు నెలలు లైసెన్సు రద్దును కలవు. తొమ్మిది నెలలు నిండి నాలుగేండ్ల లోపు శిశువులకు కూడ తగిన శిరస్త్రాణమును, నడపువానితో బిడ్డను బంధించు రక్షణ పట్టీయు నుండవలెననియు, అట్టి బండి గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము చేయబడెను. మన రాష్ట్రములో మద్రాసు ఉన్నత న్యాయస్థానపు ఆదేశముపై 2015 జూలై 1వ తేదీ నుండి ఈ నియమమును గట్టిగా అమలుపరుప మొదలిడిరి.

జరిమానాకు వెరచి ధరించువాడు పోలీసు కనబడినప్పుడు మాత్రమే ధరించును. ప్రమాదము అట్లు ముందుగా కనబడి రాదు. "ఇంటి నుండి అంగడికే గదా" అను మాట తరచు వినబడును. పైన వేసిన లెక్కను మరల తలచుకొనుడు. బండి నిలిచియున్నను, మనుష్యుడు ప్రక్కకు ఒరిగి పడినను, తల ఒకటిన్నర మీటరు ఎత్తు నుండియే పడును. అంగడి దారిలోని రాయి రాజరస్తాలోని రాతికంటె మెత్తనిది కాదు.

ప్రమాదము జరిగినచో

దారిలో పడియున్నవానిని చూచిన వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆతని తలపైనున్న శిరస్త్రాణమును తొందరపడి ఊడలాగరాదు. మెడ ఎముక దెబ్బతినియున్నచో ఆ లాగుట వలననే కాలుచేతులు చచ్చుబడవచ్చును. ముందు అద్దమెత్తి, ఊపిరి ఆడుచున్నదా యని చూచి, తలను మెడను కదలనీయక యుంచుటయే మేలు. ఊపిరి ఆడక తప్పనిసరియైనచో ఇద్దరు కలిసి, ఒకరు మెడను దవడను నిలిపి పట్టుకొనగా మరొకరు పట్టీ విప్పి మెల్లగా తీయవలెను. సాయము చేసినవారిని వేధింపరాదని 2019 సవరణలో చట్టమే రక్షణ కల్పించినది. కావున వెనుదీయ పనిలేదు.

విద్యార్థులకు ఒక పని

వ్యాసము చదివి మూసివేయుటతో ఫలము లేదు. ఈ ఆదివారము మీ ఇంట నున్న శిరస్త్రాణముల నన్నింటిని ముందు వేసికొనుడు. ముద్ర చూడుడు, తేదీ చూడుడు, పొర తడవుడు, పట్టీ లాగుడు. ఇంటిలోని తలలెన్ని, శిరస్త్రాణములెన్ని యని లెక్కించుడు. రెండు సంఖ్యలు సమానము కానిచో ఆ కొరత ఎవరి తలదో పెద్దలకు వినయముతో చెప్పుడు. పండుగకు క్రొత్త బట్టలు ఒక జత తగ్గినను తగ్గుగాక, ఆ కొరత తీర్చుమని అడుగుడు. మీ అవ్వకు, తాతకు ఈ వ్యాసమును చదివి వినిపింపుడు. వారి మాట ఇంటిలో అందరును విందురు.

రేపు ఉదయము బండి ఎక్కునప్పుడు కాలు పైకెత్తకముందే, "నాయనా, పట్టీ కట్టుకొంటివా?" యని అడుగుడు. తండ్రికి కోపము రాదు. ఒక క్షణము నవ్వి, చేయి గడ్డము క్రిందికి పోవును. "టక్" మని శబ్దము వినబడును. పిమ్మట ఆయన వెనుకకు తిరిగి, "మరి నీ తలకేదిరా?" యని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము ఇంటిలో సిద్ధముగా నుండవలెను.

బ్రతికియుండిన బలుసాకు తిని బ్రతుకవచ్చునని మన పెద్దల సామెత. మన ఊరికి పేరిచ్చిన కట్టును మన గడ్డముల క్రింద కూడ వేసికొందము.